కొట్టె, తెచ్చె, కట్టె

ఈ బడికి గాలి లెక్క రాసేదాన్ని నేను.
పేరు హెల్వె. ఊరు వోరు, ఎస్టోనియాకి దక్షిణపు కొస.
రెండంతస్తుల చెక్క బడి. పైకప్పు ఇంకా పడలేదు.
పిల్లలకంటే ముందు మంచు వచ్చి
మొదటి తరగతిలో కూర్చుంది.

పురపాలక సంఘానికి నివేదిక మూడు మాటల్లో కావాలి:
కొట్టె, తెచ్చె, కట్టె.
దాని కింద అంకె. అంకె ముందు చిన్న అడ్డగీత.
సున్నాకి దిగువన ఉన్నామని చెప్పే ఆ గీత కోసం
నాకు కాఫీ ఇస్తారు, కుర్చీ ఇస్తారు.

గీత అబద్ధం కాదు.
ఘనమీటరు స్ప్రూస్ కలపలో
సుమారు ఏడువందల కిలోల బొగ్గుపులుసు గాలి
ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటుంది.
సిమెంటు బట్టీ ఆ మాట అనలేదు, ఇనుము అసలే అనలేదు.
కానీ బిగబట్టిన ఊపిరి
ఎంతసేపని ఎవరూ అడగరు.

అంకెల కోసం కాల్యు రంపపు మిల్లుకి వెళ్లాను.
రంపం ఆపకుండానే జవాబులు.
డీజిలెంత? చలిని బట్టి.
అడవి ఎంత దూరం? పోయినేటికంటే దూరం.
పలకలు దేంతో ఆరబెడతావు? పొట్టుతో.
"చెట్టుని ఆరబెట్టేది చెట్టు మంటే, రాసుకో."
రాసుకున్నాను.
అతని ఎడమచేతికి మూడే వేళ్లు.
మిగతా రెండూ ఏ పద్దు కిందికొస్తాయో
నా పట్టికలో గడి లేదు.

కొట్టిన చోటు సెప్టెంబరులోనే చూసొచ్చాను,
జీతంలో లేని పని.
మొద్దుల మధ్య నేల
నిద్రలో దుప్పటి లాగేసిన మనిషిలా ఉంది.
నీడ పోయాక మట్టిలోపలి కుళ్లు త్వరపడుతుంది,
కొన్నేళ్లపాటు నేలే గాలి వదులుతుంది.
ఖాళీ బకెట్టుతో ఒక ముసలామె, మైము, తిరుగుతోంది.
"ఇక్కడ నా బ్లూబెర్రీలుండేవి" అంది,
నేను దొంగిలించానన్నట్టు కాదు,
తనే దారి మరిచినట్టు.

కొత్త మొక్కలు నాటారు, నిజమే. మోకాలెత్తు.
అవి ఈ బాకీ తీర్చేసరికి
మొదటి తరగతిలో అక్షరం దిద్దే పిల్ల
మనవరాలికి జడ వేస్తూ ఉంటుంది.
పట్టికలో మాత్రం ఇవాళే చెల్లు.
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదేనేమో
అనుకుని, సంతకం పెట్టకుండా ఇంటికొచ్చాను.

తర్వాత పునాదికి అడ్డొచ్చిందని
ఒక పాత ధాన్యపు కొట్టు విప్పారు.
దుంగలనిండా గొడ్డలి గాట్లు, ఒకదానిమీద 1794.
కాల్యు మూడువేళ్లతో తట్టి చెవి పెట్టాడు.
"లోపల పొడిగానే ఉంది."
అంటే జార్లు పోయి, సమష్టి పొలాలు వచ్చి పోయి,
డబ్బు పేరు నాలుగుసార్లు మారినా
ఆ చెట్టు పీల్చిన గాలి అందులోనే ఉంది.
నియమావళిలో భవనానికి ఆయుష్షు యాభయ్యేళ్లు.
దుంగకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

కొట్టు మైము వాళ్లదేనట.
ఎలా నిలిచిందని అడిగితే నా ప్రశ్నే వింతగా తోచింది ఆమెకి.
"ప్రతి వసంతానికీ ఎవరో ఒకరు నిచ్చెనెక్కేవాళ్లు,
కారేచోట కొత్త చెక్క వేసేవాళ్లు.
ఒక ఏడు మగవాళ్లెవరూ మిగల్లేదు, నేనెక్కాను."

ఆ దుంగని కాల్యు బడికి గడపగా వేశాడు,
డబ్బడగలేదు.

రాత్రి నివేదికకి ఒక వరస చేర్చాను:
నిచ్చెన, ఒకటి.
ఏటా ఎక్కి కప్పు చూసే మనిషి, ఒకరు.
ఎన్నేళ్లు: పిల్లలు పెద్దయ్యేదాకా, వాళ్ల పిల్లలు పెద్దయ్యేదాకా.
ఎంత గాలి: ఖాళీ వదిలాను.

పొద్దున్నే ఫోను.
మిగతాదంతా బాగుంది, ఆ ఒక్క వరస కొట్టేయమన్నారు.

ఇంకా కొట్టలేదు.